పేగుల్లో బ్యాక్టీరియా పెరిగితే యాంటీబయాటిక్ వాడాలా, వద్దా: మందుల షాపులో తరచుగా అడిగే ప్రశ్నలు

తెనాలిలో పద్దెనిమిదేళ్ళుగా మందుల షాపు నడుపుతున్నాను. ఫార్మసీ చదివాను, డాక్టర్‌ని కాను. చిన్నపేగులో బ్యాక్టీరియా పెరిగిందని, అంటే సిబో అని రాసిన చీటీలు ఈ మధ్య తరచూ వస్తున్నాయి. కౌంటర్ దగ్గర నిలబడి జనం అడిగేవి మాత్రం దాదాపు అవే ప్రశ్నలు. డాక్టర్ దగ్గర మొహమాటపడి నా దగ్గర అడుగుతారు. చదివి సరిచూసుకున్నంత వరకు జవాబులు ఇక్కడ రాస్తున్నాను. మా అమ్మకీ ఇదే జబ్బు వచ్చింది, మందువల్ల ఒక దెబ్బ కూడా తగిలింది. అదీ దాచకుండా రాశాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళొచ్చు.

## మందు మొదలుపెట్టే ముందు

సిబో అంటే ఏంటి? నాకున్నది మామూలు గ్యాసే కావచ్చు కదా?

కావచ్చు. పెద్దపేగు సూక్ష్మజీవుల సొంత ఇల్లు. అక్కడ ఒక్క మిల్లీలీటరులోనే పదివేల కోట్ల దాకా ఉంటాయి. ఆరు మీటర్ల చిన్నపేగులో, ముఖ్యంగా పైభాగంలో, మిల్లీలీటరుకు వెయ్యి లోపే ఉంటాయి. కడుపులోని ఆమ్లం, పైత్యరసం, పేగుల కదలిక కలిసి వాటిని అక్కడ పెరగనివ్వవు. ఈ కాపలాలో ఏదో ఒకటి దెబ్బతింటే అవి చిన్నపేగులోనే తిష్ఠ వేసి, మనం తిన్నదాన్ని మన ఒంటికి పట్టకముందే పులియబెడతాయి. ఉబ్బరం, గ్యాస్, నొప్పి, విరేచనాలు, కొందరిలో మలబద్ధకం అందువల్ల వస్తాయి.

అయితే పాలు పడకపోయినా, ఐబీఎస్ (పేగులో పుండు, వాపు లేకుండానే తరచూ నొప్పి, విరేచనాల తేడా వచ్చే జబ్బు) ఉన్నా, థైరాయిడ్ తేడా చేసినా ఇవే లక్షణాలు వస్తాయి. షుగర్ మందులతోనూ వస్తాయి. మెట్‌ఫార్మిన్‌తో కొందరికి విరేచనాలవుతాయి. వోగ్లిబోస్ కలిసిన మాత్రతో గ్యాస్ మామూలే, ఎందుకంటే పిండిపదార్థాన్ని త్వరగా అరగనివ్వకపోవడమే దాని పని. అరగనిది కిందికి దిగి పెద్దపేగులో పులుస్తుంది. ఒకాయన ఏడాదిపాటు నా దగ్గర గ్యాస్ మందులు కొన్నారు. పాత చీటీలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఉబ్బరం మొదలైన నెలా, షుగర్ మాత్ర మారిన నెలా ఒకటే. అందుకని యాంటీబయాటిక్ మాట ఎత్తకముందే, ఇబ్బంది ఎప్పుడు మొదలైంది, అప్పుడు కొత్తగా చేరిన మందేమిటి అని కాగితం మీద రాసి డాక్టర్‌కి చూపించండి.

బ్రెత్ టెస్ట్ తప్పనిసరా? నేరుగా మందు వాడి చూస్తే తెలిసిపోదా?

బ్రెత్ టెస్ట్ అంటే ఒక తీపి ద్రవం తాగించి, ఊపిరిలో వచ్చే వాయువులను కొలిచే పరీక్ష. రెండు దారులూ వాడుకలో ఉన్నాయి. పరీక్ష దొరికే చోట చేయించుకోవడమే మేలని నా అభిప్రాయం. మందు వాడి తగ్గితే జబ్బు ఉన్నట్టే అనుకోవడంలో ఒక చిక్కుంది. యాంటీబయాటిక్ పెద్దపేగులోని బ్యాక్టీరియాను కూడా తగ్గిస్తుంది కాబట్టి సిబో లేనివాళ్ళకీ కొన్నాళ్ళు గ్యాస్ తగ్గినట్టుంటుంది. ఆ నమ్మకంతో మళ్ళీ మళ్ళీ అదే కోర్సు కొంటారు.

అలాగని పరీక్ష కూడా పక్కా కాదు. లాక్టులోజ్ ద్రవం తాగించి చేసే పరీక్షలో, పేగులు వేగంగా కదిలేవాళ్ళకి ద్రవం తొందరగా పెద్దపేగుకు చేరి, సిబో లేకపోయినా ఉన్నట్టు చూపించొచ్చు. గ్లూకోజ్ తాగించి చేసే పరీక్షలోనైతే, అది చిన్నపేగు మొదట్లోనే ఒంటికి పట్టేస్తుంది, అందువల్ల చివరి భాగంలో ఉన్న బ్యాక్టీరియాను ఆ పరీక్ష పట్టుకోలేకపోవచ్చు. రిపోర్టునీ, మీ లక్షణాలనూ, మీకున్న ఇతర జబ్బులనూ కలిపి చూసే డాక్టర్ కావాలి. హైదరాబాద్ లాంటి నగరాల్లోని పెద్ద గ్యాస్ట్రో ఆసుపత్రుల్లో ఈ పరీక్ష గురించి అడగండి.

రిపోర్టులో హైడ్రోజన్, మీథేన్ అని రెండు అంకెలున్నాయి. ఏది చూడాలి?

రెండూ. మన శరీరం తనంతట తాను ఈ వాయువులను తయారు చేసుకోదు. పేగుల్లోని సూక్ష్మజీవులు చేసినది రక్తంలో కలిసి ఊపిరిలో బయటికి వస్తుంది. 2017లో ఉత్తర అమెరికా నిపుణులు ఒప్పుకున్న లెక్క ప్రకారం, ద్రవం తాగిన 90 నిమిషాల లోపు హైడ్రోజన్ మొదటి అంకె కంటే 20 పీపీఎం (పది లక్షల భాగాల్లో 20 భాగాలు) లేదా అంతకన్నా పెరిగితే సిబో ఉన్నట్టు లెక్క. మీథేన్ ఎప్పుడైనా 10 పీపీఎం లేదా అంతకు మించితే అది వేరే లెక్క.

మీథేన్‌ను తయారుచేసేవి నిజానికి బ్యాక్టీరియా కావు, ఆర్కియా అనే వేరే జాతి సూక్ష్మజీవులు. ఇవి పెద్దపేగులో కూడా పెరగొచ్చు కనుక ఇప్పుడు దీన్ని సిబో అనకుండా వేరే పేరుతో పిలుస్తున్నారు. మీథేన్ ఎక్కువున్నవాళ్ళలో మలబద్ధకం తరచుగా కనిపిస్తుంది. మందు కూడా మారుతుంది.

పరీక్షకు ముందు ఏమేం మానేయాలి?

యాంటీబయాటిక్ వాడి ఉంటే కనీసం 4 వారాలు గడవాలి. విరేచనం కోసం వాడే మందులూ, పేగుల కదలిక పెంచే మందులూ డాక్టర్ ఒప్పుకుంటే వారం ముందు ఆపాలి. ముందురోజు పప్పులు, కూరగాయలు, పాలు లేకుండా తేలికగా తిని, 8 నుంచి 12 గంటలు పరగడుపున ఉండాలి. పరీక్షరోజు సిగరెట్, వ్యాయామం వద్దు. గ్లూకోజ్ పరీక్షలో 75 గ్రాముల గ్లూకోజ్ తాగిస్తారు కాబట్టి షుగర్ ఉన్నవాళ్ళు ఆ సంగతి ముందే చెప్పాలి.

బరువు తగ్గుతున్నాను, సాయంత్రాలు ఒళ్ళు వెచ్చబడుతోంది. ముందు ఈ కోర్సు వాడి చూసి, తగ్గకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్తే సరిపోదా?

సరిపోదు. ఈ ఒక్క జవాబు మాత్రం దయచేసి ఇంట్లో పెద్దవాళ్ళకి చదివి వినిపించండి.

మన దేశంలో పేగులకు టీబీ రావడం అరుదు కాదు. అది కూడా ఉబ్బరం, నొప్పి, విరేచనాలతోనే మొదలవుతుంది. సిబోకి ఎక్కువగా రాసే యాంటీబయాటిక్ రిఫాక్సిమిన్, టీబీకి వాడే రిఫాంపిసిన్ కుటుంబానికి చెందిన మందు. సిప్రోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్ ఉన్న కుటుంబం కూడా టీబీ క్రిమిపై కొంత పనిచేస్తుంది. టీబీ ఉన్న మనిషికి ఈ రెండో రకం మందు కొన్నాళ్ళు ఇస్తే కాస్త నెమ్మదించినట్టుండి, అసలు జబ్బు బయటపడటం ఆలస్యమవుతుంది. క్రిమి ఆ మందుకు మొండిగా తయారయ్యే ప్రమాదం కూడా ఉంది.

కారణం లేకుండా బరువు తగ్గడం, సాయంత్రపు జ్వరం, రాత్రి చెమటలు, మలంలో రక్తం, రక్తహీనత, నిద్రలోంచి లేపే విరేచనాలు, పొట్టలో గడ్డలా తగలడం, 50 ఏళ్ళు దాటాక మొదటిసారి మొదలైన ఇబ్బంది, ఇంట్లో ఎవరికైనా పేగు క్యాన్సర్ ఉండటం. వీటిలో ఒక్కటి ఉన్నా ముందు స్కానింగ్, ఎండోస్కోపీ లాంటివి అవసరమా అని డాక్టర్ చూడాలి. యాంటీబయాటిక్ సంగతి ఆ తర్వాత.

యాంటీబయాటిక్ లేకుండా పథ్యంతోనే తగ్గదా?

పథ్యంతో లక్షణాలు తగ్గుతాయి, చాలామందికి బాగానే తగ్గుతాయి. పులిసే పదార్థం తక్కువైతే గ్యాస్ తక్కువవుతుంది. చేరిన బ్యాక్టీరియా మాత్రం దానివల్ల పూర్తిగా పోతుందని చెప్పలేం. ఇబ్బంది కొద్దిగానే ఉండి, బరువు, రక్తం బాగుంటే నాలుగు వారాలు పథ్యం చేసి చూస్తానని డాక్టర్‌ని అడగడంలో తప్పు లేదు. బరువు తగ్గుతున్నా, విటమిన్ బి12 పడిపోయినా, విరేచనాలతో పని చేసుకోలేకపోతున్నా ఆ ఆలస్యం మంచిది కాదు.

## ఏ మందు, ఎందుకు

డాక్టర్ రిఫాక్సిమిన్ రాశారు. దీనికి సైడ్ ఎఫెక్ట్స్ ఉండవంటున్నారు, నిజమేనా?

అసలు ఉండవనడం తప్పు, తక్కువ అనడం నిజం. నోటితో మింగిన రిఫాక్సిమిన్‌లో రక్తంలో కలిసేది ఒక శాతం కూడా కాదు, 0.4 శాతం లోపే. మిగతాదంతా పేగులోనే ఉండి మలంతో పోతుంది. పైత్యరసంలో బాగా కరుగుతుంది కాబట్టి చిన్నపేగులో దాని పని ఎక్కువ. అందుకే సిబోకి డాక్టర్లు ఎక్కువగా దీన్నే ఎంచుకుంటారు. వికారం, తలనొప్పి, కళ్ళు తిరగడం, కొద్దిగా పొట్టనొప్పి కొందరికి వస్తాయి. దద్దుర్లు, ముఖం వాపు, ఊపిరి ఆడకపోవడం వస్తే వెంటనే ఆపి ఆసుపత్రికి వెళ్ళాలి. రిఫాంపిసిన్ పడనివాళ్ళు దీన్ని వాడకూడదు. లివర్ బాగా దెబ్బతిన్నవాళ్ళ ఒంట్లోకి ఇది ఎక్కువగా చేరుతుంది. సైక్లోస్పోరిన్ వాడేవాళ్ళ విషయంలోనూ అంతే. అలాంటివాళ్ళు డాక్టర్‌కి ముందే చెప్పాలి.

ఎంతవరకు పనిచేస్తుందో కూడా తెలుసుకుని మొదలుపెట్టండి. మలబద్ధకం లేని రకం ఐబీఎస్ ఉన్న 1,260 మందిపై జరిగిన రెండు పెద్ద పరీక్షల ఫలితాలు 2011లో వచ్చాయి. రిఫాక్సిమిన్ వాడినవాళ్ళలో 40.7 శాతం మందికి, ఉత్తుత్తి మాత్ర వాడినవాళ్ళలో 31.7 శాతం మందికి తగినంత ఉపశమనం దొరికింది. అంటే మందు వల్లనే అదనంగా మేలు కలిగింది ప్రతి వందలో తొమ్మిదిమందికి. ఆ పరీక్ష సిబో ఉందని తేలినవాళ్ళ మీదే చేసింది కాదు. సిబో ఉన్నవాళ్ళ అధ్యయనాలన్నీ కలిపి చూస్తే దాదాపు పదిమందిలో ఏడుగురికి బ్యాక్టీరియా అదుపులోకి వచ్చింది. ఈ అంకెలు మిమ్మల్ని భయపెట్టడానికి రాయలేదు. "ఇంత ఖరీదైన మందు, నూటికి నూరుపాళ్ళు తగ్గాలి" అన్న ఆశతో మొదలుపెట్టి తర్వాత కుంగిపోయినవాళ్ళని చాలామందిని చూశాను.

42 మాత్రలా? అంత ఖర్చెందుకు, ఒక స్ట్రిప్ వాడి చూస్తాను.

రోజుకు మూడుసార్లు 550 మిల్లీగ్రాముల మాత్ర, 14 రోజులు అని రాస్తే 42 అవుతాయి. ఖరీదు నాకూ తెలుసు. కానీ పది మాత్రలతో ఆపితే డబ్బులూ పోతాయి, మందు పనిచేసిందో లేదో కూడా తెలియదు. మొత్తం కోర్సుకు ఎంతవుతుందో ముందే అడగండి. వేర్వేరు కంపెనీల ధరల్లో తేడా ఉంటుంది, అదే మందు తక్కువ ధరలో రాయమని డాక్టర్‌ని అడగడానికి సిగ్గుపడొద్దు. ఈ నెల కొనలేకపోతే, వచ్చే నెల పూర్తిగా కొని మొదలుపెట్టొచ్చా అని అడగండి. సగం కోర్సు కంటే అదే మేలు.

మెట్రోనిడజోల్ చవక కదా, అది వాడితే కాదా?

డాక్టర్లు దాన్ని కూడా రాస్తారు, సిబోకి వాడే మందుల జాబితాలో ఉంది. కానీ అది రక్తంలో పూర్తిగా కలిసే మందు, దాని ప్రభావం ఒళ్ళంతా ఉంటుంది. నోట్లో ఇనుము చప్పరించినట్టుంటుంది, వికారం, ఆకలి లేకపోవడం మామూలు. మూత్రం ముదురు రంగులో రావచ్చు, దానికి టెన్షన్ పడక్కర్లేదు. కోర్సు జరుగుతున్నన్నాళ్ళూ, అయ్యాక 3 రోజులూ మద్యం ముట్టకూడదు. ఎక్కువ రోజులు వాడినా, కోర్సు మీద కోర్సు వాడినా నరాలు దెబ్బతినొచ్చు. అందుకే ఒకసారి రాసిన చీటీతో రెండోసారి కొనుక్కోవడానికి ఇది తగిన మందు కాదు.

విరేచనాలకి తెచ్చిన ఆఫ్లాక్సాసిన్–ఆర్నిడజోల్ ఇంట్లో ఉంది. అది వేసుకోనా?

వద్దు. మన ఇళ్ళలో ఫ్రిజ్ మీద డబ్బాలో ఈ మాత్ర ఉండటం మామూలైపోయింది, రెండు విరేచనాలైతే చాలు ఒకటి మింగేస్తారు. ఆఫ్లాక్సాసిన్, సిప్రోఫ్లాక్సాసిన్, నార్‌ఫ్లాక్సాసిన్ ఒకే కుటుంబం. వీటితో మడమ వెనక నరంలా తగిలే స్నాయువు వాచి తెగే ప్రమాదం ఉందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2008లోనే పెట్టె గీసి మరీ హెచ్చరిక రాయించింది. 60 ఏళ్ళు దాటినవాళ్ళకు, స్టిరాయిడ్లు వాడేవాళ్ళకు ప్రమాదం ఇంకా ఎక్కువ. నరాల దెబ్బ, గుండె లయలో తేడా, షుగర్ ఒక్కసారిగా పడిపోవడం కూడా ఆ హెచ్చరికల్లో చేరాయి. ఇంకో మందు కుదరక, ఎందుకు వాడుతున్నామో తెలిసి డాక్టర్ రాస్తే అది వేరే విషయం. స్ట్రిప్ మీద నిలువుగా ఎర్ర గీత కనిపిస్తే అది చీటీ లేకుండా వాడకూడని మందని గుర్తు.

మీథేన్ ఎక్కువని రిఫాక్సిమిన్‌తో పాటు నియోమైసిన్ రాశారు. అది చెవులకి ప్రమాదమట కదా?

మీథేన్‌ను చేసే సూక్ష్మజీవులకు ఒక్క మందు చాలకపోవడంతో ఈ రెండూ కలిపి 14 రోజులు ఇచ్చే పద్ధతి వచ్చింది. నియోమైసిన్ నోటితో తీసుకుంటే ఒంటికి చాలా కొద్దిగానే పడుతుంది. ఆ కొద్దిపాటిదైనా కిడ్నీలు బలహీనంగా ఉన్నవాళ్ళలో పేరుకుపోయి చెవులను, కిడ్నీలను దెబ్బతీయగలదు. మొదలుపెట్టేముందు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష ఉందా, వినికిడి లోపం ఏమైనా ఉందా అన్నవి డాక్టర్ ముందు పెట్టండి. చెవుల్లో హోరు, మాట సరిగ్గా వినిపించకపోవడం, నడుస్తుంటే తూలడం మొదలైతే ఆ రోజే మాత్ర ఆపి ఫోన్ చేయాలి. చెవికి తగిలిన ఈ దెబ్బ మళ్ళీ బాగుపడకపోవచ్చు, అందుకే కోర్సు అయ్యాక చెబుదామని ఆగకూడదు.

డాక్సీసైక్లిన్ రాశారు, జాగ్రత్తలేంటి?

నిండు గ్లాసు నీళ్ళతో, కూర్చునో నిలబడో మింగి, అరగంట పడుకోకూడదు. గొంతులో అంటుకుంటే పుండు పడుతుంది. ఎండలో చర్మం త్వరగా కమిలిపోతుంది. ఐరన్, కాల్షియం మాత్రలు, యాసిడ్ తగ్గించే సిరప్ దీనితో కలిపి వేసుకోకూడదు.

షుగర్, బీపీ, రక్తం పలచబడే మందులు వాడుతున్నాను. వీటితో గొడవ ఉంటుందా?

వార్ఫరిన్ లేదా అసిట్రోమ్ వాడేవాళ్ళు ముందు ఆ మాట చెప్పాలి. మెట్రోనిడజోల్, సిప్రోఫ్లాక్సాసిన్‌లతో రక్తం మరీ పలచబడొచ్చు, రిఫాక్సిమిన్‌తో కూడా ఐఎన్ఆర్ (రక్తం ఎంత పలచబడిందో చెప్పే అంకె) మారిన సందర్భాలున్నాయి. కోర్సు మధ్యలో ఐఎన్ఆర్ పరీక్ష అవసరం. గ్లిమిపిరైడ్ లాంటి షుగర్ మాత్రతో సిప్రోఫ్లాక్సాసిన్ కుటుంబపు మందు కలిస్తే షుగర్ పడిపోవచ్చు. చెమటలు, వణుకు వస్తే వెంటనే చక్కెర నోట్లో వేసుకోవాలి.

గర్భంతో ఉన్నాను, బిడ్డకి పాలిస్తున్నాను. వాడొచ్చా?

మీ అంతట మీరు ఏదీ మొదలుపెట్టొద్దు. గర్భిణులకు రిఫాక్సిమిన్ సురక్షితమని చెప్పడానికి చాలినంత ఆధారం లేదు. డాక్సీసైక్లిన్ వద్దనే చెబుతారు. సిబో చాలావరకు కొన్ని నెలలు ఆగగలిగే జబ్బు. గైనకాలజిస్టు, గ్యాస్ట్రో డాక్టర్ ఇద్దరూ కలిసి చెప్పాలి.

## కోర్సు జరుగుతుండగా

మూడో రోజు నుంచి ఉబ్బరం పెరిగింది. బ్యాక్టీరియా చచ్చిపోతోంది కాబట్టి ఇలా ఉంటుందని, ఓర్చుకోవాలని వీడియోల్లో చెబుతున్నారు. నిజమా?

సిబోలో అలా జరుగుతుందని చూపించిన గట్టి ఆధారాలు లేవు. మొదటి రోజుల్లో కాస్త ఉబ్బరం, వికారం రావచ్చు, అవి మందు సైడ్ ఎఫెక్ట్స్ కూడా కావచ్చు, జబ్బు లక్షణాలే కావచ్చు. కొద్దిపాటిదైతే రెండు రోజులు చూడొచ్చు. "ఎంత బాధపడితే అంత మంచిది" అన్న మాట మాత్రం ప్రమాదం. జ్వరం, తీవ్రమైన నొప్పి, దద్దుర్లు, ఆగని వాంతులు ఓర్చుకోవలసినవి కావు.

పాదాల్లో తిమ్మిర్లు, సూదులు గుచ్చినట్టుంది. షుగర్ వల్లనేమో కదా?

షుగర్ వల్లనే కావచ్చు. మెట్రోనిడజోల్, ఆర్నిడజోల్, సిప్రోఫ్లాక్సాసిన్ కుటుంబపు మందుల వల్ల కూడా కావచ్చు. బి12 తగ్గినా ఇలాగే ఉంటుంది, సిబో ఉన్నవాళ్ళలో అది తగ్గడం తెలిసిన విషయమే.

మా అమ్మకి 64 ఏళ్ళు, పదిహేనేళ్ళ షుగర్. ఉబ్బరానికి డాక్టర్ ఒక కోర్సు మెట్రోనిడజోల్ రాశారు, తగ్గింది. రెండు నెలలకి మళ్ళీ వస్తే, పోయినసారి పనిచేసింది కదా అని షాపులోంచి నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. తర్వాత ఇంకోసారి. అయిదు నెలల్లో మూడు కోర్సులు. అరికాళ్ళు మండుతున్నాయని అంటే, "షుగర్ కదమ్మా" అన్నాను. ఆరోజు అమ్మ ఏమీ మాట్లాడలేదు. రాత్రిళ్ళు తడిగుడ్డ పాదాలకి చుట్టుకుని పడుకునేది. వేరే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళినప్పుడు, ఆయన ఆరు నెలల్లో వాడిన ప్రతి మందూ తేదీలతో రాయించి, వేలు పెట్టి చూపించారు. మందు ఆపాక మంట తగ్గడానికి ఏడెనిమిది నెలలు పట్టింది, కొంచెం ఇంకా ఉంది. అప్పటి నుంచి నా షాపులో చీటీ లేకుండా ఒక్క యాంటీబయాటిక్ మాత్ర కూడా ఇవ్వడం లేదు.

కాబట్టి కోర్సులో కొత్తగా తిమ్మిర్లు మొదలైనా, పాతవి పెరిగినా, తర్వాతి డోసు వేసుకోకముందే డాక్టర్‌కి ఫోన్ చేయండి. త్వరగా ఆపితే నరాలు కోలుకునే అవకాశం ఎక్కువ.

యాంటీబయాటిక్ వాడుతుంటే విరేచనాలు ఇంకా ఎక్కువయ్యాయి. ఆపే మాత్ర వేసుకోనా?

రోజుకు మూడు కంటే ఎక్కువ నీళ్ళ విరేచనాలు, పొట్టనొప్పి, జ్వరం ఉంటే లోపెరమైడ్ లాంటి ఆపే మాత్ర వేసుకోవద్దు. యాంటీబయాటిక్ మంచి బ్యాక్టీరియాను కూడా తుడిచిపెట్టినప్పుడు, క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే క్రిమి పెద్దపేగులో విజృంభిస్తుంది. దీన్ని మలపరీక్షతో కనిపెడతారు, చికిత్స వేరే. రిఫాక్సిమిన్‌తో ఇది తక్కువే, కానీ అసలే రాదని కాదు. కోర్సు అయిన రెండు మూడు నెలల వరకూ రావచ్చు. ఓఆర్ఎస్ తాగుతూ డాక్టర్‌ని కలవండి. వయసు మళ్ళినవాళ్ళు ఒక్కరోజు కూడా ఆగకూడదు.

ఐదు రోజులకే హాయిగా ఉంది. మిగతావి దాచుకోనా?

రాసినన్ని రోజులూ వాడండి. హాయిగా ఉండటమంటే సూక్ష్మజీవుల సంఖ్య తగ్గిందని తప్ప, చాలినంత తగ్గిందని కాదు. దాచిన మాత్రలు ఆర్నెల్ల తర్వాత ఇంట్లో ఇంకెవరో వేరే జబ్బుకి వేసుకోవడం నేను చూస్తూనే ఉన్నాను. సైడ్ ఎఫెక్ట్ వల్ల ఆపాల్సి వస్తే మాత్రం మొండిగా పూర్తి చేయాలని లేదు.

ఒక డోసు మర్చిపోయాను.

గుర్తొచ్చినప్పుడు వేసుకోండి. తర్వాతి డోసు సమయం దగ్గరపడితే దీన్ని వదిలేయండి. రెండూ కలిపి వేసుకోవద్దు.

పెరుగు, ప్రోబయాటిక్ పొడి కలిపి వాడాలా?

పెరుగు పడేవాళ్ళు రోజూ తిన్నట్టే తినొచ్చు. ప్రోబయాటిక్ విషయంలో ఫలితాలు అటూ ఇటూ ఉన్నాయి, కొందరికి మేలు, కొందరికి ఉబ్బరం ఎక్కువ. బ్యాక్టీరియా ఎక్కువైందని మందు వాడుతూ మళ్ళీ బ్యాక్టీరియా పొడి కొనడం గురించి డాక్టర్‌ని ఒకసారి అడగండి. చీటీలో లేకపోతే నేనైతే అమ్మను.

కోర్సులో ఏం తినాలి? పప్పు లేకుండా మాకు ముద్ద దిగదు.

పూర్తిగా మానక్కర్లేదు, తగ్గించండి. ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయం తయారుచేసిన పథ్యం ప్రకారం త్వరగా పులిసేవి ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, పప్పులు, శనగలు, పాలు, జీడిపప్పు, మామిడిపండు, పుచ్చకాయ లాంటివి. అన్నం, గుడ్డు, చేప, కోడిమాంసం, బంగాళదుంప, క్యారెట్, వంకాయ, కీరదోస బాగానే పడతాయి. కార్తీక మాసంలో ఉల్లి, వెల్లుల్లి లేకుండా వండుకునే ఇళ్ళకు ఇది కొత్త కాదు. వెల్లుల్లి రుచి కావాలంటే రేకలు నూనెలో వేయించి తీసేసి, ఆ నూనెతో పోపు వేయండి. ఉబ్బరం తెచ్చే పదార్థం నీటిలో కరుగుతుంది గాని నూనెలో దిగదు.

ఈ పథ్యం నాలుగు నుంచి ఆరు వారాల కోసమే. ఏళ్ళ తరబడి చేసి ఎముకలగూడులా తయారైనవాళ్ళు ఉన్నారు. తర్వాత ఒక్కొక్కటే తిరిగి చేర్చుకుంటూ రావాలి.

## కోర్సు అయ్యాక

మందు పనిచేసిందని ఎలా తెలుస్తుంది?

మొదలుపెట్టకముందే మూడు విషయాలు రాసి పెట్టుకోండి: రోజుకు ఎన్ని విరేచనాలు, ఉబ్బరం పదిలో ఎంత, ఎన్ని రోజులు పని మానేయాల్సి వచ్చింది. కోర్సు అయిన రెండు వారాలకు మళ్ళీ అవే రాయండి. "కొంచెం తగ్గినట్టుంది" అన్న మాట కంటే ఆ కాగితం డాక్టర్‌కి ఎక్కువ పనికొస్తుంది. లక్షణాలు పోతే మళ్ళీ బ్రెత్ టెస్ట్ అందరికీ అవసరం ఉండదు.

మూడు నెలలకే మళ్ళీ వచ్చింది. అదే కోర్సు మళ్ళీ కొనుక్కోనా?

మళ్ళీ రావడం మీ తప్పు కాదు. ఇటలీలో 2008లో వచ్చిన ఒక అధ్యయనంలో, రిఫాక్సిమిన్‌తో తగ్గినవాళ్ళలో మూడు నెలలకు 12.6 శాతం, ఆరు నెలలకు 27.5 శాతం, తొమ్మిది నెలలకు 43.7 శాతం మందికి సిబో తిరిగి వచ్చింది. వయసు ఎక్కువున్నవాళ్ళు, అపెండిక్స్ ఆపరేషన్ అయినవాళ్ళు, యాసిడ్ తగ్గించే మాత్రలు చాలాకాలంగా వాడుతున్నవాళ్ళు అందులో ఎక్కువ.

మళ్ళీ కోర్సు వాడొచ్చు, అది డాక్టర్ నిర్ణయం. కానీ రెండోసారి చీటీ రాయించుకునేటప్పుడు "ఎందుకు తిరిగి వచ్చింది?" అని తప్పకుండా అడగండి. యాంటీబయాటిక్ చేరిన నీళ్ళను తోడేస్తుంది, గొట్టంలో అడ్డు తీయదు. ఆ అడ్డు నరాలు దెబ్బతీసిన పాత షుగర్ కావచ్చు, పాత ఆపరేషన్‌తో పేగులు అతుక్కోవడం కావచ్చు, థైరాయిడ్ తక్కువ కావడం, క్లోమం జబ్బు, స్క్లీరోడెర్మా (చర్మం, లోపలి అవయవాలు గట్టిపడే జబ్బు), నొప్పికి వాడే ట్రమడాల్ లాంటి మాత్రలు కావచ్చు. తిండికి తిండికి మధ్య ఖాళీ కూడా ముఖ్యమే. పరగడుపున ఉన్నప్పుడు గంటన్నర, రెండు గంటలకోసారి పేగుల్లో ఊడ్చినట్టు ఒక అల వస్తుంది. రోజంతా ఏదో ఒకటి నములుతుంటే ఆ అలకు అవకాశం ఉండదు.

గ్యాస్ మాత్ర ఆరేళ్ళుగా వేసుకుంటున్నా. దానివల్లే అంటున్నారు, ఆపేయనా?

పాంటాప్రజోల్, రాబెప్రజోల్ లాంటివి కడుపులోని ఆమ్లాన్ని తగ్గిస్తాయి, ఆమ్లం తగ్గితే బ్యాక్టీరియాకు కాపలా తగ్గుతుంది. చాలామంది ఇవి ఎందుకు మొదలుపెట్టారో కూడా మర్చిపోయి టీ తాగినట్టు పొద్దున్నే వేసుకుంటున్నారు. అయితే రక్తస్రావమైన పుండు ఉన్నవాళ్ళు, ఆస్పిరిన్‌తో పాటు రక్షణగా వాడేవాళ్ళు ఆపితే ప్రమాదం. ఒక్కసారిగా ఆపితే కొన్నాళ్ళు మంట రెట్టింపవుతుంది, కాబట్టి డాక్టర్ చెప్పిన ప్రకారం మెల్లగా తగ్గించాలి.

స్ట్రిప్ వెనక లెవోసల్పిరైడ్ అని కూడా ఉందేమో చూడండి. ఇది కలిసిన మాత్రను నెలల తరబడి వాడినవాళ్ళలో, ముఖ్యంగా పెద్దవయసువాళ్ళలో, చేతుల వణుకు, నడక నెమ్మదించడం, ఆడవాళ్ళలో నెలసరి తప్పడం కనిపిస్తాయి. ఇది నన్ను బాగా బాధపెట్టే విషయం, ఎందుకంటే వణుకు వయసు వల్లనే అనుకుని ఆ మాత్రనే కొనసాగిస్తారు.

ఇన్నిసార్లు వాడితే రేపు ఏ మందూ పనిచేయకుండా పోతుందా?

ఆ భయం ఉండటం మంచిదే. రిఫాక్సిమిన్ పేగులోనే ఉంటుంది కాబట్టి ఒంట్లో వేరేచోట క్రిములు మొండిబారవని చాలాకాలం నమ్మారు. 2024లో ఆస్ట్రేలియా పరిశోధకులు, లివర్ జబ్బుకి రిఫాక్సిమిన్ వాడినవాళ్ళ పేగుల్లోని ఒక రకం ఎంటరోకాకస్ బ్యాక్టీరియా, ఆసుపత్రుల్లో ఆఖరి అస్త్రంగా వాడే డాప్టోమైసిన్‌కి లొంగకుండా తయారవుతోందని చూపించారు. వాళ్ళు వాడేది దీర్ఘకాలం, సిబో కోర్సు రెండు వారాలు. రెండూ ఒకటి కాదు. కానీ ఏడాదిలో నాలుగైదుసార్లు వాడేవాళ్ళు ఈ సంగతి డాక్టర్‌తో మాట్లాడాలి.

డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు ఏం పట్టుకెళ్ళాలి?

గత ఏడాదిలో వాడిన మందుల ఖాళీ స్ట్రిప్పులు, చీటీలు ఒక కవర్లో వేసుకోండి. ఆయుర్వేదం పొడులు, షాపులో అడిగి తెచ్చుకున్నవి కూడా. యాంటీబయాటిక్ ఎన్ని కోర్సులు, ఏ నెలలో, ఎన్ని రోజులు అన్నది ఒక కాగితం మీద. బి12, హిమోగ్లోబిన్, థైరాయిడ్, క్రియాటినిన్ రిపోర్టులుంటే అవి, బరువు ఆరు నెలల కిందట ఎంత, ఇప్పుడెంత. స్ట్రిప్పులు పారేసి ఉంటే ఎక్కడ కొన్నారో ఆ షాపుకి వెళ్ళి పాత బిల్లులు అడగండి. మా షాపులోనైతే ఫోన్ నంబరు చెబితే రెండేళ్ళ బిల్లులు తీసి ఇస్తాను.